పాత పోలీసు రివాల్వర్: వయసు చూస్తే చాలదు, తూటా కొలత చూడాలి

సంక్షిప్తంగా: పోలీసు అధికారులు ఒకప్పుడు నడుముకు కట్టుకున్న .380, .455 రివాల్వర్లు నిషిద్ధ బోరు (పౌరులకు మామూలుగా లైసెన్సు ఇవ్వని తూటా కొలత) జాబితాలో ఉన్నాయి. పాతబడినంత మాత్రాన అవి ఆ జాబితా నుంచి బయటపడవు. 2020లో వచ్చిన ‘క్యూరియో’ (అరుదైన పాత వస్తువు) సడలింపుకు చాలామంది అనుకునేంత విస్తృతి లేదు. ఇంట్లో దొరికిన ఆయుధాన్ని ముందు డిపాజిట్ చేయాలి, వారసత్వ దరఖాస్తు ఆ తర్వాతి మాట. మామూలు పౌరుడికి లైసెన్సు మీద ఎక్కువగా అందుబాటులో ఉన్నది .32 రివాల్వర్, అదీ మొత్తం రెండు ఆయుధాల పరిమితిలో.

ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో పాత మిద్దె పడగొట్టేటప్పుడు అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. పట్టాలు, రసీదులు తీసి పక్కన పెడితే, అడుగున నూనెగుడ్డలో చుట్టిన బరువైన వస్తువు ఒకటి తగులుతుంది. తాత మణేగారుగానో పోలీసు శాఖలోనో పనిచేసి ఉంటాడు, లేదా తుపాకీ లైసెన్సున్న రైతై ఉంటాడు. అప్పటి నుంచి ఇంట్లో రెండు వాదాలు నడుస్తాయి. ‘వందేళ్ల నాటిది, పురావస్తువు, ఏమీ కాదు’ అని ఒకరంటే, ‘వెంటనే బావిలో పారేయండి’ అని ఇంకొకరు అంటారు. చట్టం దృష్టిలో రెండూ తప్పే. అమెరికాలో పాత పోలీసు రివాల్వర్లను దుకాణాల్లో వరసగా పేర్చి అమ్మే వీడియోలు ఫోన్లలోకి వచ్చాక ఈ గందరగోళం ఇంకా ముదిరింది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఫ్యాక్షన్ చరిత్ర వల్ల తుపాకీ అన్న మాటకే పోలీసులు చెవులు రిక్కిస్తారు కాబట్టి, ఇక్కడ పొరపాటు ఖరీదు మరీ ఎక్కువ.

## ఎవరి నడుముకు ఏది ఉండేది

ఈ మూడు జిల్లాలూ 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్త మండలాల్లోవి. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. కాబట్టి ఇక్కడి పోలీసుల ఆయుధాలు కూడా బ్రిటిష్ సరఫరా దారిలోనే వచ్చాయి. కానిస్టేబుల్ చేతికి ఎక్కువగా ఇచ్చింది .410 మస్కెట్. .303 రైఫిల్‌నే నున్నటి గొట్టంతో, దగ్గరి దూరానికే పనికొచ్చేలా మార్చి చేసిన తుపాకీ అది. రివాల్వర్ అధికారికి దక్కేది.

ఆ రివాల్వర్లలో మొదట చెప్పుకోవాల్సింది బర్మింగ్‌హామ్ కంపెనీ వెబ్లీ. బ్రిటిష్ సైన్యం 1887లో వెబ్లీ మార్క్ 1ను తీసుకుంది. ఆ వరసలో చివరిది, 1915లో వచ్చిన మార్క్ 6. దాని గొట్టం ఆరంగుళాలు, బరువు కిలో పైచిలుకు, తూటా .455. ఒక్కో సీసం గుండు సుమారు 17 గ్రాములు తూగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, కొత్తగా చేరినవారికి ఇంత బరువైన ఆయుధంతో గురి నేర్పడం కష్టమని చిన్న తూటా వైపు మొగ్గారు. అలా 1932లో ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 మార్క్ 1 వచ్చింది. దాని తూటా .380, గొట్టం ఐదంగుళాలు, బరువు ముప్పావు కిలో. 1938లో దీన్ని మళ్లీ మార్చి, హ్యామర్ (తూటాను వెనక నుంచి కొట్టే సుత్తి లాంటి భాగం) మీద బొటనవేలితో లాగే కొమ్మును తీసేశారు. ఇరుకైన ట్యాంకుల్లో ఎక్కిదిగే సిబ్బందికి ఆ కొమ్ము అడ్డం తగిలేదన్నది కారణం. ఈ నమూనాలో ప్రతిసారీ ట్రిగ్గర్‌ను పూర్తి బలంతో లాగాల్సిందే.

యుద్ధకాలంలో బ్రిటన్ కార్ఖానాలు చాలక అమెరికా నుంచి స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ మోడల్ కూడా అదే .380 కొలతలో వచ్చింది. దాని వరస సంఖ్య ముందు ‘వి’ అక్షరం ఉంటుంది. ఈ మూడు రకాలే భారతదేశపు పోలీసు ఆయుధాగారాల్లో, ఇక్కడివాళ్ల మాటలో బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, దశాబ్దాలపాటు నిలిచాయి.

సెక్యూరిటీ గార్డుల సంగతి మన దగ్గర వేరు. బ్యాంకు ముందు నిలబడే మాజీ సైనికుడి భుజాన ఉండేది 12 బోర్ తుపాకీ, సింగిల్ బ్యారెల్‌ గానీ డబుల్ బ్యారెల్‌ గానీ. నడుముకు రివాల్వర్ కట్టుకున్న గార్డు అమెరికా దృశ్యం. ‘బ్యాంకు గార్డు వాడిన పాత రివాల్వర్’ అని ఎవరైనా ఇక్కడ అమ్మజూపితే, ఆ కథనే ముందు అనుమానించాలి.

## చిక్కంతా తూటాలోనే

1959 ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నిబంధనలు ఆయుధాన్ని పేరుతోనో కంపెనీతోనో వర్గీకరించవు. అందులో ఏ తూటా పడుతుందన్నదే లెక్క. సైన్యం, పోలీసు వాడే తూటా బయటి తుపాకీలో పడకూడదన్నది దీని వెనకున్న ఆలోచన. పడితే ప్రభుత్వ గోదాము నుంచి దొంగిలించిన తూటాకు బయట గిరాకీ పుడుతుంది. అందుకే నిబంధనల మొదటి షెడ్యూలులో .303, 7.62 మి.మీ. సర్వీసు తూటాలు పట్టే రైఫిళ్లు, .410 మస్కెట్లు ఉన్నాయి. వాటితోపాటే .380 లేదా .455 అంచు తూటాలనూ (అడుగున బయటికి పొడుచుకొచ్చిన చుట్టు ఉన్నవి), సర్వీసు 9 మి.మీ. లేదా .45 అంచులేని తూటాలనూ పేల్చగల ఏ పిస్టలైనా, రివాల్వరైనా చేరుతుంది. వాడుకలో వీటినే ప్రొహిబిటెడ్ బోర్, పొట్టిగా పీబీ అంటారు.

పైన చెప్పిన రివాల్వర్లన్నీ ఈ ఒక్క వాక్యంలో ఇరుక్కుపోయాయి. ఎన్‌ఫీల్డ్, విక్టరీ మోడల్ .380లో పడతాయి, వెబ్లీ మార్క్ 6 .455లో పడుతుంది. పోలీసు వాడిందన్న గుర్తింపే సేకరించేవాడికి దాని విలువ, చట్టానికి అదే అభ్యంతరం. ఇలాంటి ఆయుధానికి లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా కలెక్టర్‌ది కాదు, కేంద్ర హోంశాఖది.

కలెక్టర్ ఇవ్వగలిగింది ఎన్‌పీబీ, అంటే నిషిద్ధం కాని బోరు. చేతి ఆయుధాల్లో దాని అర్థం ఆచరణలో చాలావరకు .32. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ తయారుచేసిన .32 రివాల్వర్ ఇందుకే పుట్టింది. దాని ఒడ్డూపొడుగూ చూస్తే వెబ్లీ .38 మార్క్ 4కు తమ్ముడిలా ఉంటుంది. అదే మడత, అదే ఎడమవైపు మీట. మారింది తూటా కొలతే. చూపులకు ఒకేలా ఉన్న రెండు రివాల్వర్లలో ఒకటి కలెక్టరేట్ కాగితంతో ఇంట్లో ఉంటుంది, ఇంకొకటి జైలుకు పంపుతుంది. తేడా సిలిండర్‌లో తూటాలు పెట్టే గదుల వ్యాసంలో ఒక మిల్లీమీటర్ పైచిలుకు.

‘పాయింట్ 38’ అన్న మాట కూడా మోసం చేస్తుంది. బ్రిటిష్ .380, అమెరికా .38 ఎస్ అండ్ డబ్ల్యూ దాదాపు ఒకటే. వాటి డొల్ల (తూటాలో మందు పట్టే ఇత్తడి భాగం) పొడవు 20 మి.మీ. లోపే. .38 స్పెషల్ డొల్ల 29 మి.మీ. పైచిలుకు పొడవుండి, కాస్త సన్నగా ఉంటుంది. యుద్ధం తర్వాత అమెరికాలో మిగులు విక్టరీ మోడళ్ల గదులను పొడవుగా తొలిచి .38 స్పెషల్ పేల్చేలా మార్చి అమ్మారు. గది వెనకభాగం వెడల్పుగానే ఉండిపోయింది కనుక పేలిన డొల్ల ఉబ్బుతుంది, కొన్నిసార్లు నిలువునా చీలుతుంది. కాబట్టి గొట్టం మీద ‘38’ అని కనిపించినంత మాత్రాన ఏ తూటాదో తేల్చకూడదు. కొలిచి చెప్పడం ఆర్మరర్ (ఆయుధాలు సరిచూసి బాగుచేసేవాడు) పని.

## అమెరికాలో ఎందుకు దొరుకుతాయి

అక్కడి పోలీసులకు చాలాకాలం ప్రామాణిక ఆయుధం స్మిత్ అండ్ వెస్సన్ మిలిటరీ అండ్ పోలీస్. 1899లో మొదలైంది, 1957లో మోడల్ 10 అని నంబరు వచ్చింది. అరవై లక్షలకు పైగా తయారైనట్టు లెక్క. 1980ల చివర్లో, 1990ల్లో శాఖలన్నీ ఎక్కువ తూటాలు పట్టే 9 మి.మీ. పిస్టళ్లకు మారాయి. కొత్తవి అమ్మే కంపెనీలు పాత రివాల్వర్లను ధరలో తగ్గింపు కింద తీసుకున్నాయి. అంటే పాత స్టీలు బిందె వేసి కొత్తది తెచ్చుకున్నట్టు. అలా తీసుకున్నవి టోకు వ్యాపారుల ద్వారా దుకాణాలకు చేరాయి. డబ్బు తరలించే వాహనాల గార్డులు కట్టుకున్నవీ ఇదే దారి పట్టాయి.

ఇలాంటి రివాల్వర్‌కు ఒక లక్షణం ఉంటుంది. ఎక్కువ మోసినది, తక్కువ పేల్చినది. తోలు హోల్‌స్టర్‌లోకి రోజూ పెట్టి తీయడంతో గొట్టం మూతి దగ్గర, సిలిండర్ అంచుల మీద నీలిరంగు పూత చెరిగి తెల్లటి ఇనుము బయటపడుతుంది. పిడి మీద కారు తలుపులకు, బల్లలకు తగిలిన గాట్లుంటాయి. లోపలి యంత్రాంగం మాత్రం తరచూ కొత్తదానిలా ఉంటుంది. పిడి వెనక పట్టీ మీద శాఖ పేరో సంఖ్యో చెక్కి ఉంటే సేకరించేవాళ్లు అదనంగా చెల్లిస్తారు.

మన దగ్గర ఈ గొలుసు మొదటి కడియం దగ్గరే తెగిపోతుంది. సర్వీసు నుంచి తీసేసిన పోలీసు ఆయుధాన్ని కండెమ్ చేసి ప్రభుత్వ మార్గంలోనే వదిలించుకుంటారు, ప్రజలకు వేలం వేయరు. బయటి నుంచి తెప్పించుకునే దారీ లేదు. వ్యక్తులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్య నుంచి దాదాపు మూతపడింది. పేరున్న షూటర్లకు మాత్రం మినహాయింపులున్నాయి. దేశంలో ఉన్న విదేశీ రివాల్వర్ల సంఖ్య అక్కడే ఆగిపోయింది కాబట్టి, లైసెన్సు మీద చేతులు మారగల పాత వెబ్లీ .32, కోల్ట్ .32 లాంటి వాటి ధర పనితనంతో సంబంధం లేకుండా ఎగబాకింది. ఆ ధర కొరతది, నాణ్యతది కాదు.

## ‘క్యూరియో’ అంటే తెరిచిన తలుపు కాదు

2020 ఫిబ్రవరి 12న కేంద్ర హోంశాఖ ఆయుధ నిబంధనలను సవరించింది. క్యూరియో వర్గంలోకి వచ్చే చిన్న ఆయుధాలను సంపాదించుకోవడానికి, ఉంచుకోవడానికి భారత పౌరులకు లైసెన్సు అవసరం లేదన్నది అందులో ఒక అంశం. వార్తల్లో ఈ సగమే పెద్దక్షరాల్లో వచ్చింది. రెండో సగం ఏమంటే, అలాంటి ఆయుధాన్ని వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చాలన్నా తగిన లైసెన్సు ఉండాలి. యజమాని లైసెన్సులో అది నమోదు కాకపోతే దానికి తూటాలు అమ్మకూడదు.

బెంగళూరులో ఎవరో ఇచ్చిన పాత రివాల్వర్‌ను కారు డిక్కీలో పెట్టుకుని హిందూపురం వస్తే, మధ్యలో జరిగినదంతా తరలింపే. ఇంట్లో ఉంచుకునే హక్కు రోడ్డు మీద పనికిరాదు. పైగా ఒక వస్తువు క్యూరియో అవునో కాదో చెప్పాల్సింది అమ్మేవాడు కాదు. .380, .455 లాంటి నిషిద్ధ బోరు ఆయుధమైతే, చేతిలోకి తీసుకోకముందే లైసెన్సింగ్ అధికారి నుంచి రాతపూర్వకంగా తెచ్చుకున్న జవాబే ఆధారం. నోటిమాట, వాట్సాప్ సందేశం, ‘మా దగ్గర చాలామంది కొన్నారు’ అన్న భరోసా, ఏవీ కోర్టులో నిలవవు.

పురావస్తువన్న వాదనా ఇంతే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కావచ్చు. ఆ లెక్కన 1915–1923 మధ్య తయారైన మార్క్ 6 ఇప్పటికే అర్హత సాధించింది. కానీ ఆ చట్టం పట్టించుకునేది వస్తువు దేశం దాటకుండా చూడటం, నమోదు, అమ్మకం లాంటి సంగతులు. ఆయుధాల చట్టం నుంచి అది ఎవరినీ విడిపించదు. పురావస్తువు అయితే దాని మీద రెండు చట్టాలు వర్తిస్తాయి తప్ప ఒకటి తగ్గదు.

## పాడైపోయిందంటే సరిపోదు

ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. కాలంచెల్లిన నమూనా గానీ, పురాతన విలువ ఉన్నది గానీ, పాడైపోయినది గానీ అయిన ఆయుధం, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదైతే చట్టం వర్తించదు. ఇక్కడ బరువంతా ‘మరమ్మతు చేసినా’ అన్న మాట మీద ఉంది.

స్ప్రింగ్ విరిగిన రివాల్వర్‌కు కొత్త స్ప్రింగ్ వేస్తే పనిచేస్తుంది. తూటా వెనక కొట్టే మొన విరిగిపోయి ఉండవచ్చు. అది లేకపోయినా ఇంకోటి బిగించవచ్చు. తుప్పుపట్టి సిలిండర్ తిరగకపోతే కిరోసిన్‌లో నానబెడితే కదలవచ్చు. ఇవేవీ మినహాయింపు కిందికి రావు. గొట్టం, సిలిండర్ గదులు తిరిగి తీయలేనట్టు మూసుకుపోయి, ఫ్రేమే ఒత్తిడిని తట్టుకోలేని స్థితిలో ఉంటే అప్పుడు వాదనకు బలం ఉంటుంది. దాన్ని తేల్చేది ఫోరెన్సిక్ ల్యాబ్‌లోని ఆయుధ నిపుణుడి నివేదిక. ఊళ్లో వెల్డింగ్ షాపులో గొట్టం మూయించి ‘ఇది బొమ్మే కదా’ అనేవాడు రెండు విధాలా నష్టపోతాడు. చరిత్ర ఉన్న వస్తువు పాడవుతుంది, ఆ షాపుకు తీసుకెళ్లడమే లైసెన్సులేని తరలింపు అవుతుంది.

తుపాకీ అన్న నిర్వచనంలో దాని భాగాలూ ఉన్నాయి. ఫ్రేమ్ ఒక్కటే, సిలిండర్ ఒక్కటే దగ్గరున్నా లెక్కలోకి వస్తుంది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా, జరిమానా అదనం. నిషిద్ధ ఆయుధం కింద కేసు పడితే ఏడు నుంచి పద్నాలుగేళ్లు.

## రెండు దాటితే సేకరణ లేదు

అదే 2019 సవరణ ఇంకో పని కూడా చేసింది. ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవీ ఈ రెండులోనే. లైసెన్సు కాలపరిమితి మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. రాయలసీమలో తోట కాపలాకని, అడవిపందుల బెడదకని ఒక 12 బోర్ ఎప్పటి నుంచో ఉన్న ఇంట్లో మిగిలేది ఒకే ఖాళీ. అందులో పాత .32 పెట్టుకోవాలా, కొత్త .32 కొనాలా అన్నది రైతు ముందున్న ప్రశ్న. సొరుగు నిండా రివాల్వర్లు పేర్చుకునే అమెరికా తరహా సేకరణకు ఇక్కడ చట్టంలో చోటే లేదు. అంతర్జాతీయ స్థాయి షూటర్లకు సంఖ్యలో వెసులుబాటు ఉన్నా అది క్రీడ కోసం ఇచ్చినది.

## ట్రంకుపెట్టెలో దొరికితే

మొదట దాన్ని కదపకుండా ఉంచి, మూతి మనుషుల వైపు లేకుండా చూసుకోవాలి. ఖాళీయేనని నమ్మకూడదు. డెబ్బై ఏళ్ల తూటా పేలకపోవచ్చు, పేలనూవచ్చు. తెరవడం తెలియకపోతే తెరవకూడదు, తుప్పు మీద బలవంతం అసలు వద్దు. ఇంటి దగ్గరి నుంచే స్టేషన్‌కు ఫోన్ చేసి, ఫలానా వస్తువు దొరికిందని చెప్పి, వాళ్లు వచ్చి తీసుకెళ్లేలా గానీ వాళ్లు చెప్పిన పద్ధతిలో గానీ అప్పగించడం మేలు. సంచిలో వేసుకుని బస్సెక్కితే దారిలో దొరికినవాడి మాట ఎవరూ నమ్మరు.

లైసెన్సుదారు చనిపోయినప్పుడు ఇంట్లోవాళ్ల దగ్గర ఆ ఆయుధం ఉండటానికి హక్కు ఆగిపోతుంది. 21వ సెక్షన్ ప్రకారం దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. రసీదులో కంపెనీ పేరు, బోరు, వరస సంఖ్య, గొట్టం పొడవు రాయించుకోవాలి. ‘ఒక పాత రివాల్వర్’ అని మాత్రమే రాసిన రసీదు తర్వాత పనికిరాదు. గడువులోగా తేల్చుకోకపోతే అది ప్రభుత్వానికి జప్తు కావచ్చు.

ఆ తర్వాత వారసుడి లైసెన్సు దరఖాస్తు. 2016 నిబంధనల్లో 25వది దీనికోసమే ఉంది. లైసెన్సుదారు చనిపోయాక గానీ, డెబ్బై ఏళ్లు నిండాక గానీ, ఆయుధం తీసుకుని పాతికేళ్లు గడిచాక గానీ వారసుడు కోరవచ్చు. మరణ ధ్రువపత్రం, కుటుంబసభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతరం, పాత లైసెన్సు పుస్తకం, డిపాజిట్ రసీదు జతచేయాలి. వీటిలో ఎక్కువగా ఆగేది అన్నదమ్ముల నిరభ్యంతరం దగ్గరే. పొలం తగాదా ఉన్న ఇంట్లో తుపాకీ కాగితం మీద సంతకం అంత సులభంగా పడదు. దరఖాస్తు పోలీసు విచారణకు వెళ్లి, నివేదికతో కలెక్టరేట్‌కు తిరిగొస్తుంది. జాతీయ డేటాబేస్‌లో ప్రత్యేక గుర్తింపు సంఖ్య, వాడుకలో యూఐఎన్, లేని లైసెన్సు చెల్లదు. పాత పుస్తకంలో అది ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంకో స్థానిక చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ఇప్పుడు నంద్యాల జిల్లాలోవి. కదిరి, ధర్మవరం శ్రీసత్యసాయి జిల్లాలోవి. కర్నూలులోనో అనంతపురంలోనో ఇచ్చిన పాత లైసెన్సు దస్త్రం ఏ కలెక్టరేట్‌లో ఉందో కనుక్కోకుండా దరఖాస్తు పెడితే నెలలు గడిచిపోతాయి.

ఉంచుకోవాలని లేనప్పుడు లైసెన్సున్న మరొకరికి అమ్మవచ్చు. కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచాకే అప్పగించాలి.

## ముద్రలు చెప్పే సంగతి

డిపాజిట్ చేసేముందు లేదా చేసేటప్పుడు ముద్రలను ఫొటో తీసుకోవడం మంచిది. ఆ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో అవే చెబుతాయి. మూడు గీతల బాణం ఆకారం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి గుర్తు. బాణం కింద ‘ఐ’ అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది. రెండు బాణాలు మొనలు కలిపి ఎదురెదురుగా ఉంటే, సర్వీసు నుంచి తీసి అమ్మేసిందని అర్థం. బాణం-ఐ ముద్ర ఉండి, అమ్మిన ముద్ర లేకపోతే, అది తాత సొంతమన్న వాదన బలహీనమవుతుంది.

ప్రభుత్వ ముద్రే లేకుండా కిరీటం కింద ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రాజదండాల లాంటి బర్మింగ్‌హామ్ పరీక్షా ముద్రలు, పైపట్టీ మీద కలకత్తా మాంటన్ లేదా రోడా దుకాణం పేరు కనిపిస్తే, అది బహిరంగ మార్కెట్లో కొన్నది. బ్రిటిష్ అధికారులు సొంత డబ్బుతో రివాల్వర్ కొనుక్కునే ఆనవాయితీ ఉండేది. వెళ్లిపోయేటప్పుడు వాటిని ఇక్కడివాళ్లకు అమ్మినవాళ్లూ ఉన్నారు.

నకిలీలు అక్షరాల దగ్గరే దొరికిపోతాయి. కార్ఖానాలో అచ్చుతో కొట్టిన అక్షరాలు ఒకే లోతులో, ఒకే వరసలో ఉంటాయి. చేత్తో చెక్కినవి వంకరపోతాయి. ‘ఇంగ్లండ్’ స్పెల్లింగ్ తప్పడం, అక్షరం తలకిందులు కావడం, మార్క్ 6కు రాణి విక్టోరియా కాలపు గుర్తులుండటం లాంటివి పెషావర్ కనుమల కార్ఖానాల్లోనూ, బిహార్‌లోని ముంగేర్ తరహా పనిలోనూ కనిపించే తప్పులు. పేరు ఏదైనా అవి నాటు తుపాకులే.

## లైసెన్సున్న పాత .32 ఎక్కడ దెబ్బతింటుంది

వెబ్లీ తరహా రివాల్వర్‌లో ఎడమవైపు మీటను బొటనవేలితో నొక్కితే గొట్టం కిందికి మడుచుకుంటుంది. మడుచుకుంటుండగా సిలిండర్ మధ్య నుంచి నక్షత్రం ఆకారపు రేకు పైకి లేచి ఆరు డొల్లలనూ ఒక్కసారి నెట్టి, చివర్లో టక్కున వెనక్కి పడుతుంది. సగంలో ఆపి మళ్లీ మూయబోతే ఒక డొల్ల అంచు ఆ రేకు కిందికి జారి ఇరుక్కుంటుంది. ఇలా తెరిచే పాత రివాల్వర్ల మామూలు జబ్బు అది.

అరుగుదల మూడుచోట్ల చూడాలి. మొదటిది పైన కొక్కెం. మూసి, వెలుతురుకెదురుగా పెట్టినప్పుడు గొట్టానికీ ఫ్రేముకూ మధ్య సన్నటి వెలుగు గీత కనిపించినా, గొట్టాన్ని పైకీ కిందికీ ఊపితే ఆడినా కొక్కెం అరిగినట్టు. రెండోది మడతబందు కీలు, అది పక్కలకు ఊగకూడదు. మూడోది సిలిండర్‌ను తిప్పే చిన్న పలక. అది అరిగితే హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చినా గది గొట్టానికి సూటిగా నిలబడదు. గుండు అంచు తగిలి సీసం తునకలు పక్కకు చిమ్ముతాయి. ఈ మూడింటిలో ఏది కనబడినా పేల్చడం మానేసి ఆర్మరర్‌కు చూపించాలి.

తూటా దగ్గర జరిగే పొరపాటు ఇంకా ప్రమాదకరం. .32 రివాల్వర్ తూటా డొల్ల 23 మి.మీ., .32 పిస్టల్ తూటా డొల్ల 17 మి.మీ. పిస్టల్ తూటాకు చిన్న అంచు ఉండటంతో రివాల్వర్ గదిలోకి దిగి నిలుస్తుంది, అందుకే ‘రెండూ పాయింట్ 32యే’ అనుకుని వాడేవాళ్లున్నారు. పిస్టల్ తూటా ఒత్తిడి ఎక్కువ. 19వ శతాబ్దం చివరి నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలపు రివాల్వర్‌లో వేస్తే కొక్కెం సాగిపోవచ్చు, సిలిండరే పగలవచ్చు.

అనంతపురం వైపు గాలి పొడి, తుప్పు తక్కువనుకుంటారు. బయట నిజమే, గొట్టం లోపల కాదు. పాత సర్వీసు తూటాల అడుగున మందును అంటించే బిళ్ల (ప్రైమర్) కాలినప్పుడు ఉప్పు లాంటి పొర మిగిలేది. వానాకాలంలో అది తేమ పీల్చి గొట్టం లోపల గుంటలు పెట్టేది. నూనె ఆ ఉప్పును కరిగించదు, నీళ్లే కరిగిస్తాయి. అందుకే వెనకటి ఆర్మరర్లు ముందు మరిగిన నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పట్టేవారు. ఎండాకాలంలో ఇబ్బంది తలకిందులుగా ఉంటుంది. నూనె ఎండి, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. కొబ్బరినూనె ఇంకా త్వరగా జిగురవుతుంది కాబట్టి వాడకూడదు. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు, పాత నూలుగుడ్డ చాలు. ఉప్పుకాగితంతో రుద్దడం, కొత్తగా నీలిపూత వేయించడం రెండూ వద్దు. ముద్రలు పలచబడితే వస్తువు విలువా పోతుంది, గుర్తింపుకూ ఇబ్బంది.

ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చేయించడం ఈ జిల్లాల్లో కొత్త కాదు. రెండు మూడు నెలలు గదిలో పడి ఉండేటప్పుడు రివాల్వర్‌ను తోలు హోల్‌స్టర్‌లోనే వదిలేస్తే, తోలులోని లవణాలు తేమ పట్టి, తోలు తగిలిన చోటల్లా ఎర్రటి మచ్చ పడుతుంది. హోల్‌స్టర్ ఇంట్లో ఉంచి, ఆయుధాన్ని నూనె గుడ్డలో చుట్టి, సంఖ్య రాసిన చీటీ కట్టి ఇవ్వాలి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే సంఖ్య సరిచూసుకోవాలి.

## లైసెన్సు అడగని వస్తువులు

సామాజిక మాధ్యమాల్లో ‘పాత పోలీసు రివాల్వర్, కాగితాలు అక్కర్లేదు’ అన్న ప్రకటనల్లో చాలావరకు అడ్వాన్సు తీసుకుని మాయమయ్యే మోసాలు. మిగిలినవి నాటు సరుకు. డబ్బు పోయినవాడు ఫిర్యాదు చేస్తే తానేం కొనబోయాడో స్టేషన్‌లో చెప్పాల్సి వస్తుందన్నదే వాళ్ల ధైర్యం.

రివాల్వర్ చుట్టూ ఉండే సామాను సేకరించడానికి మాత్రం లైసెన్సు అక్కర్లేదు. 1937 నమూనా కాన్వాస్ హోల్‌స్టర్, పిడి కింది కడియానికి తగిలించే అల్లిక తాడు, పాత శిక్షణ పుస్తకాలు, ఆయుధ దుకాణాల క్యాటలాగులు, పాత లైసెన్సు పుస్తకాలు ఈ కోవలోవి. హోల్‌స్టర్ మూత లోపల తయారీదారు పేరు, సంవత్సరం నల్లసిరాతో ముద్రించి ఉంటాయి. ఉతికితే పోతాయి కాబట్టి పొడి బ్రష్‌తో దులపడమే మంచిది. ఇత్తడి గుండీల చుట్టూ పచ్చటి చిలుము పడితే చెక్కపుల్లతో గీకాలి, ఇనుప మొన తగలకూడదు. పోలీసు బ్యాడ్జీలు, బెల్టు బిళ్లలు అద్దాల పెట్టెలో ఉంటే ఇబ్బంది లేదు. మోసపు ఉద్దేశంతో ఒంటికి పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 205వ సెక్షన్ వర్తిస్తుంది. పాత తూటాలు మాత్రం ఈ జాబితాలోకి రావు. పేలని ఒక్క తూటా దగ్గరున్నా దానికి లైసెన్సు కావాల్సిందే.